ఢీకొనే క్షణంలో రేఖాగణితం
(ప్లాటినం జూబిలీ సభా ప్రసంగ పాఠం)

హోసూరు నుండి కృష్ణగిరికి సాగే 44వ జాతీయ రహదారి ఈ ప్రాంతానికి జీవనాడి. మామిడికాయల లారీలు, కూరగాయల టెంపోలు, షిఫ్టులకు వెళ్లే కార్మికుల బస్సులు, వాటి నడుమ వేలాది ద్విచక్ర వాహనాలు ఈ దారిన రాత్రింబగళ్లు సాగిపోతూ ఉంటాయి. ఈ దారితో పని లేని కుటుంబం ఈ సభలో ఉండదు. ఈ దారి వలన కన్నీరు పెట్టిన ఇల్లు లేని వీధి కూడా అరుదు.

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022 సంవత్సరంలో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. మృతులలో 74,897 మంది, అనగా నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. హెల్మెట్ ధరించక మరణించినవారు 50,029 మంది. ఈ అంకెలను తరగతి గదిలో కూడికలకు, శాతాలకు వాడుకోవచ్చు. కాని ప్రతి అంకె వెనుక ఒక ఇల్లు ఉన్నదని మరువరాదు.

ఒక వాహనం దేనినైనా ఢీకొన్నప్పుడు అసలు ఘటన ఎంతసేపు జరుగుతుంది? సుమారుగా సెకనులో పదోవంతు. ఆ రెప్పపాటులోనే ఇనుము ముడుచుకోవాలి, వేగం అణగిపోవాలి, లోపలి మనిషికి చోటు మిగలాలి. అంత తక్కువ సమయంలో ఏమి జరిగినదో కంటితో చూడలేము. చూడలేనిదాన్ని ముందుగానే లెక్కించి చూపే విద్య ఒకటి ఉన్నది. దానికి పునాది ఈ పాఠశాల నల్లబల్ల మీద గీసే త్రిభుజమూ చతుర్భుజమే. నేటి ప్రసంగ విషయం అదే.

డెబ్బది అయిదేళ్ల క్రితం ఈ ప్రాంతం రాగిచేలకు, చెరువులకు, సంతలకు పేరు పొందినది. 1980లో హోసూరు నుండి టీవీఎస్ 50 మోపెడ్ బయటికి వచ్చినది. అదే సంవత్సరం అశోక్ లేలాండ్ వారి లారీల కర్మాగారం ఇక్కడ ఆరంభమైనది. 1987లో టైటాన్ గడియారాలు వచ్చాయి. కృష్ణగిరి 2004లో ప్రత్యేక జిల్లా అయినది. 2021లో ఆ జిల్లాలోని పోచంపల్లిలో విద్యుత్ స్కూటర్ల ఉత్పత్తి మొదలైనది. చేతి గడియారం మొదలు పెద్ద లారీ వరకు ఇక్కడ తయారవుతున్నది. ఈ వస్తువులన్నింటికీ ఒక సామాన్య పరీక్ష ఉన్నది. కిందపడితే ఏమవుతుంది? ఢీకొంటే ఏమవుతుంది?

గడియారానికి ఈ పరీక్ష చిన్నది. అఘాతాన్ని తట్టుకొనే గడియారం అనిపించుకోవాలంటే ఒక మీటరు ఎత్తు నుండి గట్టి కొయ్య నేలపై పడినంత దెబ్బకు ఓర్చుకోవలెనని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. లారీ క్యాబిన్‌కు ఇది పెద్దది. బరువైన ఇనుప పలకను లోలకం వలె వెనుకకు లాగి క్యాబిన్ ముఖం మీదికి వదులుతారు. దెబ్బ తగిలిన తరువాత డ్రైవరు బ్రతికేందుకు చాలినంత చోటు లోపల మిగిలి ఉండవలెను. బస్సునైతే 800 మిల్లీమీటర్ల ఎత్తు గల అరుగు మీది నుండి పక్కకు బోల్తా కొట్టించి చూస్తారు.

ఇట్టి పరీక్షలో ఒక్కసారికి ఒక వాహనం తుక్కు అవుతుంది. ఒక పట్టీ మందం మార్చి మళ్లీ చూడాలంటే మరొక వాహనం కావాలి. అందువలన ఇంజనీర్లు ముందుగా కంప్యూటరులో వందలసార్లు ఢీకొట్టించి, తరువాతనే నిజమైన వాహనాన్ని పరీక్షకు తెస్తారు. బస్సు బోల్తా పరీక్షకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 66వ నిబంధన మరొక అడుగు ముందుకు వేసినది. కంప్యూటరు గణనను కూడా పరీక్షకు సమానమైన మార్గంగా అంగీకరించినది. అనగా, గణన కోసం గీసిన ఆకృతి ఎంత నమ్మకమైనదో, ఆ బస్సులో కూర్చునే ప్రయాణికుని భద్రత కూడా అంతే నమ్మకమైనది.

ఆ గణన ఎట్లు సాగుతుంది? ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట ముగ్గు పెట్టే తల్లిని గమనించండి. ఆమె మొదట చుక్కలు పెడుతుంది. తరువాత చుక్కలను గీతలతో కలుపుతుంది. గీతల మధ్య చిన్న చిన్న గళ్లు ఏర్పడతాయి. ఎంత పెద్ద ముగ్గయినా చుక్కలూ గళ్లే. పరిమిత మూలక పద్ధతి కూడా ఇదే. ఇంజనీర్లు దీనిని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. చుక్కను నోడ్ అనీ, గడిని ఎలిమెంట్ లేదా మూలకం అనీ, మొత్తం ముగ్గును మెష్ లేదా వల అనీ పిలుస్తారు.

వంకరలు తిరిగిన ఇనుప భాగాన్ని ఒకే సమీకరణంతో వర్ణించడం అసాధ్యం. దానిని వేలాది గళ్లుగా విభజిస్తే ఒక్కొక్క గడి లెక్క సులభం. ప్రతి చుక్క వద్ద ఎంత బలం పనిచేస్తున్నదో కనుగొని, న్యూటను రెండవ నియమం ప్రకారం ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వస్తుంది. త్వరణం నుండి వేగం, వేగం నుండి కొత్త స్థానం వస్తాయి. చుక్కలన్నీ కొద్దిగా జరుగుతాయి, గళ్లు కొద్దిగా వంగుతాయి. మళ్లీ బలాలు, మళ్లీ త్వరణం. ఉన్నత పాఠశాలలో చదువుకొనే నియమాన్నే యంత్రం విసుగు లేకుండా లక్షల సార్లు ప్రయోగిస్తుంది.

ముక్కలు చేసి మొత్తాన్ని తెలుసుకొనే ఆలోచన ప్రాచీనమైనది. ఆర్కిమిడీస్ 96 భుజాల బహుభుజితో వృత్తాన్ని చుట్టి పై విలువను రెండు హద్దుల నడుమ బంధించాడు. 1943లో కూరాంట్ అనే గణితవేత్త త్రిభుజాలుగా విభజించి కడ్డీ మెలితిప్పు సమస్యను సాధించాడు. 1956లో టర్నర్, క్లౌ, మార్టిన్, టాప్ అనే నలుగురు విమాన నిర్మాణాలకు ఈ మార్గాన్ని అన్వయించారు. 1960లో క్లౌ దీనికి నేటి పేరు పెట్టారు. 1976లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో జాన్ హాల్‌క్విస్ట్ డైనా త్రీడీ అనే ప్రోగ్రామును రచించారు. తక్కువ ఎత్తు నుండి జారవిడిచిన బాంబు నేలను తాకితే ఏమవుతుందో లెక్కించడం దాని తొలి ప్రయోజనం. దాని సంతతి అయిన ఎల్ఎస్ డైనా నేడు ప్రపంచమంతటా వాహనాల ప్రమాద గణనకు ఉపయోగపడుతున్నది. బాంబు కోసం పుట్టిన లెక్క మనిషిని కాపాడే పనిలోకి రావడం సంతోషించదగిన విషయం.

ఈ శాస్త్రంలో తెలుగువారి స్థానం చిన్నది కాదు. వరంగల్లులో 1945లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన జె. ఎన్. రెడ్డి గారు 1984లో ప్రచురించిన పరిచయ గ్రంథం నుండి అనేక దేశాల విద్యార్థులు ఈ పద్ధతిని నేర్చుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సింగిరేసు ఎస్. రావు గారి గ్రంథం కూడా అట్టిదే. ఈ విద్య మనకు పరాయిది కాదని చెప్పడానికి ఈ రెండు పేర్లు చాలును.

ఇక అసలు విషయం. యంత్రం లెక్క చేస్తుంది, కాని ముగ్గు పెట్టవలసినది మనిషే. రూపకర్త ఇచ్చే నమూనాలో ప్రతి మర చుట్టు, ప్రతి చిన్న రంధ్రం, పేరు చెక్కిన అక్షరాలు, అంచుల గుండ్రదనం అన్నీ ఉంటాయి. తయారీకి అవన్నీ కావాలి. ఢీకొనే లెక్కకు అన్నీ అక్కరలేదు. పైగా కొన్ని హాని చేస్తాయి. ఎందుకో త్రైరాశికంతో తెలుసుకోవచ్చు.

ఉక్కులో శబ్దతరంగం సెకనుకు సుమారు 5000 మీటర్లు పయనిస్తుంది. అనగా సెకనులో పది లక్షలవ వంతులో 5 మిల్లీమీటర్లు. గణనలో ఒక్కొక్క అడుగు ఈ తరంగం అతి చిన్న గడిని దాటే కాలానికి మించరాదు. మించితే లెక్క అదుపు తప్పి అర్థం లేని అంకెలు వస్తాయి. గళ్లన్నీ 5 మిల్లీమీటర్లవి అయితే ఒక అడుగు సెకనులో పది లక్షలవ వంతు. సెకనులో పదోవంతు సాగే ప్రమాదానికి లక్ష అడుగులు చాలు. ఎక్కడో ఒక మూల, అక్కరకు రాని అక్షరపు అంచు వద్ద ఒకే ఒక్క గడి అర మిల్లీమీటరుది ఉన్నదనుకొందాం. అప్పుడు అడుగు పదోవంతుకు తగ్గుతుంది, అడుగులు పది లక్షలు అవుతాయి. ఎనిమిది గంటలలో ముగిసే లెక్కకు ఎనభై గంటలు పడతాయి. వేలాది గళ్లు సరిగ్గా ఉన్నా ఒక్క గడి అందరినీ ఆపుతుంది.

భుజాలు పొడవుగా ఉంటే చాలదా అని ఒక విద్యార్థి అడగవచ్చు. చాలదు. భూమి 10 మిల్లీమీటర్లు, ఉన్నతి అర మిల్లీమీటరు గల సన్నని త్రిభుజంలో తరంగం దాటవలసినది ఆ ఉన్నతినే. త్రిభుజానికి ఉన్నతి గీయమని ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు దీనితో ఏమి పని అని విసుగుకొన్న ప్రతి విద్యార్థికీ ఇదే సమాధానం. మరొక సంగతి. సామాన్యమైన త్రిభుజ మూలకం తన వైశాల్యమంతటా ఒకే వికృతి ఉంటుందని భావిస్తుంది. కాబట్టి అది నిజమైన రేకు కంటే బిగుసుగా ప్రవర్తిస్తుంది. అందువలన రేకు భాగాలకు వీలైనంతవరకు చతురస్రానికి దగ్గరైన చతుర్భుజాలనే వాడి, త్రిభుజాలను తప్పనిసరి అయిన చోట మాత్రమే ఉంచుతారు.

రేకు విషయంలో మరొక నేర్పు ఉన్నది. ఒక మిల్లీమీటరు మందం గల రేకును ఘనపు ముక్కలుగా చేస్తే మందం దిశలో గళ్లు అతి చిన్నవవుతాయి. కనుక రేకు రెండు ముఖాలకు సరిగ్గా నడుమ ఒక తలాన్ని ఊహించి, ఆ మధ్యతలానికే వల అల్లి, మందాన్ని అంకెగా తెలియజేస్తారు. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఒకదానిపై ఒకటి అతికిన రెండు రేకుల మధ్యతలాల నడుమ, రెండు మందాల సగాలను కలిపినంత దూరం ఉండవలెను. అంతకంటే తక్కువైతే ఆ రేకులు ఢీకొనక ముందే ఒకదానిలో ఒకటి చొచ్చుకొని ఉన్నట్లు యంత్రం భావించి, లేని బలంతో వాటిని విడదీస్తుంది. గోడను తాకకముందే బండి తనంతట తాను విచ్చుకొంటుంది!

కొలమానాల పొరపాటు మరింత మోసకరమైనది. పొడవు మిల్లీమీటర్లలో, కాలం సెకన్లలో, బలం న్యూటన్లలో ఉంటే ద్రవ్యరాశి టన్నులలో ఉండవలెను. అప్పుడు ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7850 కిలోగ్రాములు అని కాక, ఘన మిల్లీమీటరుకు 7.85 × 10⁻⁹ టన్నులు అని వ్రాయవలసి ఉంటుంది. ఒక్క సున్న తప్పితే వాహనం పదిరెట్లు బరువెక్కుతుంది. యంత్రం అభ్యంతరం చెప్పదు. పరీక్ష పత్రంలో ప్రమాణం వ్రాయనందుకు ఒక మార్కు తగ్గించే ఉపాధ్యాయుడు విద్యార్థికి శత్రువు కాడు.

ఇంతవరకు తీసివేయవలసిన వాటి సంగతి. తీసివేయకూడనివి తెలుసుకోవడమే ఈ విద్యలో గీటురాయి. కారు ముందు భాగంలో నిలువునా ఉండే పెట్టెవంటి దూలాల మీద కొన్నిచోట్ల చిన్న నొక్కులు కనిపిస్తాయి. చూడడానికి అవి తయారీలో వచ్చిన సొట్టల వలె ఉంటాయి. కాని అవి కావాలని పెట్టినవి. ఢీకొన్నప్పుడు దూలం ఎక్కడ మొదట మడవాలో ఆ నొక్కులే నిర్ణయిస్తాయి. మడత అక్కడ మొదలై వరుసగా సాగితే దూలం హార్మోనియం తిత్తి వలె ముడుచుకొని గతిజశక్తిని మింగుతుంది. చిన్నదే కదా అని వల అల్లేవాడు ఆ నొక్కును చదును చేస్తే, గణనలో దూలం వేరొకచోట విరుగుతుంది. అప్పుడు తెర మీద కనిపించేది వేరొక బండి ప్రమాదం.

కావున పరిమాణంలో చిన్నది ప్రాముఖ్యంలో చిన్నది కానక్కరలేదు. వెనుక మడ్‌గార్డు మీది మర రంధ్రాన్ని తీసివేయవచ్చు. ముందు దూలం మీది నొక్కును తీసివేయరాదు. రెండింటి కొలత ఒకటే కావచ్చు. బలం ఏ దారిన పోతుందో తెలిసినవాడే ఆ భేదం చెప్పగలడు. బలం ప్రవహించే దారిలో వల దట్టంగా, దూరాన పలుచగా అల్లడం అందుకే.

ఇప్పుడు ఈ విద్యను అందరి ఇళ్లలో ఉండే వస్తువుకు, హెల్మెట్‌కు అన్వయించి చూద్దాం. ద్విచక్ర వాహనంపై కూర్చున్నవాని తల నేల నుండి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుందనుకొందాం. బండి నిలిచి ఉండగా పక్కకు ఒరిగి పడినా, ఆ ఎత్తు నుండి స్వేచ్ఛగా పడిన తల నేలను చేరే వేగం సెకనుకు 5.4 మీటర్లు, అనగా గంటకు 19 కిలోమీటర్లకు పైమాట. ఆ తల ఎంత దూరంలో ఆగుతుందన్నదే ప్రాణప్రశ్న. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే సగటు రుణత్వరణం గురుత్వ త్వరణానికి ఎన్ని రెట్లో తెలుస్తుంది. తారురోడ్డు మీద తల 2 మిల్లీమీటర్లలో ఆగితే 1500ను 2తో భాగించగా 750 రెట్లు. హెల్మెట్ లోపలి నురుగు 20 మిల్లీమీటర్లు అణగితే 75 రెట్లు. పదింట ఒక వంతు! తొమ్మిది వంతుల దెబ్బను మింగినది థర్మకోల్ జాతికి చెందిన తేలికపాటి నురుగు.

హెల్మెట్‌కు వల అల్లేవాడు పైచిప్పను మధ్యతలంగా తీసుకోవచ్చు. రంగును, బొమ్మలను, గాలి కన్నపు అలంకారాన్ని వదలవచ్చు. నురుగును మాత్రం ఒకే వరుస గళ్లతో నింపరాదు. పొర వెంట పొర అణగడం కనిపించాలంటే మందంలో అనేక వరుసలు కావాలి. తలకు, నురుగుకు మధ్య నిజంగా ఉన్న ఖాళీని ఉన్నది ఉన్నట్లు చూపాలి. గవద కింది పట్టీని వదలరాదు. పట్టీ లేని నమూనాలో నేలను తాకకముందే హెల్మెట్ తలను విడిచిపోవచ్చు.

ఈ చివరి మాట కంప్యూటరుకే పరిమితం కాదు. హెల్మెట్‌ను పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకొని పోయేవాడు, పోలీసులు కనిపించినప్పుడే తల మీద పెట్టి పట్టీ బిగించనివాడు చేస్తున్నదేమిటి? తీసివేయకూడనిదాన్ని తీసివేస్తున్నాడు. 2021 జూన్ 1 నుండి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ల తయారీ, అమ్మకం మన దేశంలో నిషిద్ధం. పలుచని ప్లాస్టిక్ చిప్పకు లోపల నురుగు లేకపోతే అది టోపీయే కాని హెల్మెట్ కాదు. ఆగే దూరాన్ని ఇవ్వనిది రక్షణను ఇవ్వదు.

గణన ముగిసిన తరువాత ఫలితాన్ని నమ్మే ముందు ఇంజనీరు తనను తాను పరీక్షించుకోవాలి. మొదట ఉన్న గతిజశక్తి, చివర మిగిలిన గతిజశక్తి, వికృతి మింగిన శక్తి, రాపిడిలో పోయిన శక్తి కూడితే సరిపోవలెను. శక్తి నిత్యత్వ నియమం ఇక్కడ న్యాయాధిపతి. వలను మరింత దట్టంగా అల్లి మళ్లీ లెక్కించినప్పుడు జవాబు ఎక్కువగా మారరాదు. లెక్కను త్వరగా ముగించడానికి చిన్న గళ్లకు లేని బరువు చేర్చే పద్ధతి ఒకటి ఉన్నది. ఆ బరువు హద్దు మీరితే ప్రమాద శక్తే మారిపోతుంది. చివరకు నిజమైన పరీక్షలో వంగిన ఇనుముతో పోల్చి చూడవలెను. రంగుల బొమ్మ అందంగా కదిలినంత మాత్రాన అది సత్యం కాదు.

విద్యార్థులారా, ఈ ప్రసంగంలో వచ్చిన మాటలను ఒకసారి నెమరువేసుకోండి. త్రిభుజం, ఉన్నతి, చతుర్భుజం, త్రైరాశికం, సాంద్రత, ద్రవ్యరాశి, త్వరణం, శక్తి నిత్యత్వం. వీటిలో ఏది మీ పాఠ్యపుస్తకంలో లేదు? సరిహద్దు జిల్లాలో తెలుగు మాధ్యమంలో చదివితే పెద్ద చదువులు అందవని భయపడే తల్లిదండ్రులు ఉన్నారు. వారి భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. ఇంగ్లీషూ తమిళమూ శ్రద్ధగా నేర్వవలసినవే. ఈ సాఫ్ట్‌వేర్ మాట్లాడేది ఇంగ్లీషులోనే. కాని ఏ నొక్కును ఉంచాలో, ఏ రంధ్రాన్ని తీయాలో నిర్ణయించే ఆలోచనకు భాష అడ్డు కాదు. అవగాహన తల్లిభాషలో గట్టిగా నాటుకొంటే పేర్లు మార్చుకోవడం కొద్దికాలపు పని.

డెబ్బది అయిదేళ్లుగా ఈ బడి చేస్తున్నదీ ఒక విధంగా చుక్కలు పెట్టే పనే. చుక్కలు సరిగా ఉంటే వాటిని కలిపే చెయ్యి ఎంత పెద్ద ముగ్గయినా వేయగలదు. ఈ రహదారి మీద నడిచే బండ్లకు రేపు వల అల్లే చేతులు ఇక్కడి వరుసలలోనే కూర్చుని ఉండవచ్చు. ఆ చేతులు ఏది వదలవచ్చో, ఏది వదలరాదో ఎరిగినవై ఉండుగాక. అంతవరకు ఒక చిన్న పని ఉన్నది. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు బండి నడిపేవారి గవద కింద ఆ పట్టీ బిగించి ఉన్నదో లేదో చూడండి. లేకపోతే బిగించమని చెప్పండి.